తుఫాను రాకముందే పాలు మాయం

బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో ఒక్క ముక్క వస్తే చాలు, మా విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో పాల ప్యాకెట్లు మాయం. బ్రెడ్డు లేదు, కొవ్వొత్తుల్లేవు, వాటర్ క్యాన్ లేదు. ఏమిటండీ ఈ హడావుడి? నా ముందున్నాయన ట్రే మొత్తం కారులో పెట్టించుకున్నాడు. కరెంటు పోతే ఫ్రిజ్ పనిచేయదు కదా, ఆ పాలన్నీ ఏం చేస్తారు? వెనకాల చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లి అర లీటరు అడిగితే అయిపోయాయన్నారు. ఒళ్లు మండిపోయింది.

2020 మార్చిలో ఆస్ట్రేలియాలో టాయిలెట్ పేపర్ కోసం జనం కొట్టుకుంటుంటే వింతగా చూశాం. మరి మనం చేస్తున్నదేమిటి?

పోనీ, దొరికిన సరుకైనా బాగుంటుందా? టిష్యూ రోల్ పైకి లావుగా కనిపిస్తుంది, లోపలంతా అట్టగొట్టమే. తడి తగిలితే ముద్దై చేతికి అంటుకుంటుంది. కొవ్వొత్తి వెలిగించిన కాసేపటికే వంగిపోతుంది. ధర మాత్రం రెట్టింపు! ఎమ్మార్పీ చూపిస్తే 'ఇష్టమైతే తీసుకోండి' అంటాడు. ఇదేం వ్యాపారం?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టినప్పుడు రోజుల తరబడి కరెంటు, నీళ్లు లేక అల్లాడిన ఊరు ఇది. భయం నాకూ ఉంది. అందుకని పక్కింటివాళ్ల పాలు కూడా మనమే కొనేయాలా? మనిషికి ఇన్నే అని షాపువాళ్లు ఒక బోర్డు పెట్టలేరా?