సవరణ: కళ్లెం లావుగా ఉంటే మెత్తన అన్నాను, అది తప్పు

పోయిన వారం గుర్రానికి కళ్లెం కొనడం గురించి రాస్తూ, నోట్లో పెట్టే ఇనుప కడ్డీ ఎంత లావుగా ఉంటే నోటికి అంత సుఖం, 20 మిల్లీమీటర్లది కొనేయండి అన్నాను. అది తప్పు, పట్టించుకోకండి. లావు కడ్డీ ఒత్తిడిని కాస్త ఎక్కువ మేర పంచుతుందన్నది నిజమే కానీ, గుర్రం నోరు మూస్తే లోపల దాదాపు అంతా నాలుకే, ఇక కడ్డీకి చోటెక్కడ? మా ఆడగుర్రం నోరు తెరిచి తల ఎగరేస్తుంటే పొగరనుకున్నాను, తీరా పెదవి ఎత్తి చూస్తే నాలుక అంచు నొక్కుకుపోయి ఎర్రగా కమిలి ఉంది. ఇప్పుడు 14 మి.మీ.ది, మధ్యలో రెండు కీళ్లున్నది వేస్తున్నాను.

ఇంకోటి, వెడల్పు సంగతి అసలు రాయనేలేదు. పెదవుల కొసలు దాటి ఒక్కోవైపు 5 మి.మీ. దాకా కడ్డీ బయటికి కనిపించాలి. బిగుతుగా ఉంటే, ముఖ్యంగా కడ్డీ చివర తూట్లో రింగు వదులుగా తిరిగే రకంలో, ఆ సందులో చర్మం ఇరుక్కుంటుంది. రింగు కదలకుండా బిగించిన రకంలో ఈ గిల్లుడు ఉండదు.

ముళ్ల కళ్లెం ఊసే వద్దు. 1965 నాటి కేంద్ర నిబంధనల్లోనే అది నిషేధం, పెళ్లి ఊరేగింపు గుర్రానికైనా సరే.