దిగుడు ముందు, ఎక్కుడు తర్వాత

(తిరుపతిలో ఒక ఇంటి డాబా. అక్క కూతురు అరిజోనాలో ఉంటుంది. జూన్‌లో అక్కాతమ్ముళ్ళిద్దరూ అక్కడికి ప్రయాణం. అక్కడి గ్రాండ్ క్యాన్యన్ లోయలో ఒక్క రోజులోనే కొలరాడో నది దాకా దిగి, ఎక్కి రావాలని తమ్ముడి పట్టు. అక్క ఒప్పుకోవడం లేదు.)

తమ్ముడు: ఏటా అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేవాణ్ణి అక్కా. కొండకు నడిచిపోయే ఊరివాళ్ళం, మనకు నడక ఒకరు చెప్పాలా?

అక్క: నడక గురించి కాదురా, వరస గురించి. తిరుమలకు ముందు ఎక్కుతాం. గాలిగోపురం దగ్గర కాళ్ళు మొరాయిస్తే వెనక్కి దిగిపోవచ్చు. అక్కడ ముందు దిగాలి. హాయిగా ఉంటుంది కాబట్టి దిగుతూనే పోతావు. అలసిపోయాక చూస్తే ఎక్కాల్సిందంతా అలాగే ఉంటుంది. అదీ మిట్టమధ్యాహ్నం!

తమ్ముడు: ఎంత ఎక్కాలేం?

అక్క: బ్రైట్ ఏంజెల్ దారిలో నది నుంచి పైఅంచు దాకా 1,300 మీటర్లు పైనే. మన కొండ ఎక్కేదానికి ఇంచుమించు రెట్టింపు. నీకు యాభై దాటాయి, గుర్తుందా?

తమ్ముడు: ఎండ గురించైతే భయపెట్టకు. మే నెలలో రేణిగుంట ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాణ్ణి.

అక్క: పైఅంచు దాదాపు 2,100 మీటర్ల ఎత్తులో ఉంది. జూన్‌లోనూ తెల్లవారుజామున స్వెట్టర్ కావాలి. ఆ చల్లదనం చూసే జనం మోసపోతారు. అడుగుకు పోతే నలభై దాటుతుంది, చుట్టూ రాళ్ళు కాగుతుంటాయి. గాలి ఎంత పొడి అంటే, పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. ఇక్కడైతే చొక్కా తడిసినప్పుడు నీళ్ళు గుర్తొస్తాయి. అక్కడ చొక్కా తడవదు.

తమ్ముడు: ఐదు లీటర్లు మోసుకుపోతా.

అక్క: వట్టి నీళ్ళే తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, ముదిరితే ఫిట్స్. ఎండదెబ్బేమోనని ఇంకో బాటిల్ తాగితే ఇంకా ప్రమాదం. నీళ్ళతో పాటు ఉప్పున్నదేదైనా తినాలి. మురుకులు, వేయించిన శనక్కాయలు నేను కడతాలే.

తమ్ముడు: (మురుకుల మాటకు కాస్త మెత్తబడి) పోనీ, రాత్రికి కిందే ఉండిపోదాం.

అక్క: లోయ అడుగున ఉండే బస ఫాంటమ్ రాంచ్. అందులో పడకలకు చాలా నెలల ముందే లాటరీ వేస్తారు, మన ఆర్జిత సేవల లక్కీడిప్ లాగా. టెంట్ వేసుకోవాలన్నా పర్మిట్ ఉండాలి. నువ్వు ఇప్పుడు లేచావు.

తమ్ముడు: అంటే లక్షలు పోసి పోయి, రెయిలింగ్ పట్టుకుని సెల్ఫీ దిగి రావాలా? దానికి గండికోట చాలదా? పెన్నా లోయను చూసి రాత్రికి ఇంటికొచ్చి పడుకోవచ్చు.

(ఇక్కడ మాత్రం తమ్ముడిదే పైచేయి. అక్క కాసేపు మాట్లాడలేదు.)

అక్క: రెయిలింగ్ దగ్గరే ఆగమని నేననలేదు. తెల్లవారుతుండగానే దిగుదాం. 2.4 కిలోమీటర్ల దగ్గర మొదటి విశ్రాంతి గది ఉంది. పైపు పగలకపోతే వేసవిలో అక్కడ నీళ్ళొస్తాయి. పదికల్లా పైన ఉండాలి. పది నుంచి నాలుగు దాకా ఎండలో నడవొద్దని, ఒక్క రోజులో నదికి పోయి రావొద్దని పార్కు వాళ్ళే హెచ్చరిస్తారు.

తమ్ముడు: మరి యాంటిలోప్ క్యాన్యన్, ఆ ఇంకో ఇరుకు లోయ? అది నీడే కదా.

అక్క: నవాహో ఆదివాసుల భూమి అది, గైడ్ లేకుండా పంపరు. 1997 ఆగస్టులో అక్కడ 11 మంది వరదలో పోయారు. వాన వాళ్ళ నెత్తిన పెద్దగా పడలేదు, ఎక్కడో దూరంగా కురిసిన నీళ్ళు ఆ ఇరుకు సందులోకి వచ్చిపడ్డాయి. గైడ్‌తో అయితే సరే, వస్తా.

తమ్ముడు: బ్రైట్ ఏంజెల్‌లో రెండో గది దాకానైనా పోదాం. ఇంకో 2.4 కిలోమీటర్లే.

అక్క: మొదటి గది దగ్గర టైం చూస్తా. ఏడు దాటితే వెనక్కి.

తమ్ముడు: ఏడున్నర.

అక్క: దిగడానికి గంట పడితే ఎక్కడానికి రెండు వేసుకోవాలి. ఏడే.