ఒకటో కృష్ణుడు పద్యం వింటున్నప్పుడు

శ్రీరామనవమి పందిళ్లు పడగానే కోనసీమ ఊళ్లలో పద్యనాటకాల ఫొటోలు ఫోన్లలో తిరుగుతాయి. చాలావరకు ఒకే మూస. కిరీటం పక్కన పెట్టి, సగం రంగు చెరిగి, చేతిలో బీడీతో కూలబడ్డ ముసలి నటుడు. బొమ్మ నలుపు తెలుపుల్లో, కింద ‘కళాకారుడి కన్నీరు’ లాంటి ఓ మాట. అదే ఆయన అసలు ముఖమని అందరూ నమ్ముతున్నారు. నేను నమ్మను. ఆయన వేషం విప్పేలోగా మన జాలిని ఇంకో వేషంగా తొడిగేస్తున్నాం.

నలభై ఏళ్లు పద్యం పాడిన మనిషి ముఖం దూరానికి అలవాటు పడి ఉంటుంది. పందిరి చివర చాప మీద కూర్చున్న ముసలమ్మకు కూడా కోపమేదో శాంతమేదో తెలియాలి కదా. అందుకే కెమెరా ఎత్తగానే, ఆయన అనుకోకుండానే, కృష్ణుడు వచ్చి కూర్చుంటాడు. అది ఆయన సాధన. దాన్ని చిట్కాలతో పడగొట్టలేం. 1941లో కెనడాలోని ఒటావాలో ఫొటోగ్రాఫర్ యూసుఫ్ కార్ష్ బ్రిటన్ ప్రధాని చర్చిల్ నోట్లో చుట్ట లాగేసి, ఆయన మండిపడ్డ క్షణాన్ని బొమ్మ తీశాడు. నాయకుడి దగ్గర ఆ ఎత్తు పారింది. నటుడికి కోపం రోజూ చేసే పనే, అడగకముందే అభినయిస్తాడు.

నటుడి అసలు ముఖం దొరికేది ఆయన వేరొకరి పద్యం వింటున్నప్పుడు.

పాండవోద్యోగ నాటకాలు రాసిన తిరుపతి వేంకట కవులు ఈ గోదావరి సీమవాళ్లే. చెళ్లపిళ్ల పుట్టింది కడియంలో, దివాకర్ల పుట్టింది భీమవరం దగ్గర యండగండిలో. పేరున్న నటుల్ని కాంట్రాక్టరు కుదిర్చి ఆడించే పెద్ద నాటకమైతే, రాయబారానికి ఒకే రాత్రి వంతులవారీగా ఇద్దరు ముగ్గురు కృష్ణులుంటారు. ఒకటో కృష్ణుడు తన వంతు ముగించి లోపలికొస్తాడు. టీ తాగి నడుం వాల్చొచ్చు. కానీ అవతల రెండో కృష్ణుడు పద్యం ఎత్తుకోగానే వచ్చి పక్కతెర పట్టుకుని నిలబడతాడు. పెదాలు కదులుతుంటాయి. రాగం పైకి పోతుందనగా ఆయన మెడలో నరం ముందే బిగుస్తుంది. అవతలివాడి రాగంలో సంగతి బాగా పడితే ఈయన కళ్లలో మెచ్చుకోలు, దాని వెనకే రవ్వంత అసూయ. అవతలి గొంతు జారితే తనే జారినంత బాధ. జనంలోంచి ‘వన్స్‌మోర్’ అని కేక లేస్తే, అది తనకు రావాల్సిందా కాదా అన్న లెక్క కూడా ఆ ముఖంలో కనిపిస్తుంది. ఒక జీవితకాలపు విద్య అంతా అక్కడ బయట పడుతుంది. కపిలేశ్వరపురం సర్వారాయ హరికథా పాఠశాల లాంటి చోట శిష్యురాలి గొంతు వింటున్న గురువును చూసినా ఇదే తెలుస్తుంది.

వెలుతురు సంగతి. ఫ్లాష్ వద్దేవద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి పందిట్లో కట్టే చవక ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. చప్పుడు రాకూడదని సైలెంట్ షట్టర్ పెట్టి షట్టర్ వేగం 1/500 సెకనులో తీస్తే ముఖం మీద అడ్డచారలు పడతాయి. 1/100 దగ్గర ఉంచండి, వినే మనిషి పెద్దగా కదలడు. ఫోన్‌తో తీసేవాళ్లు బ్యూటీ మోడ్ ఆపేయాలి. నుదుటి మీద కిరీటం ఒత్తిన గీతను అది ముందుగా చెరిపేస్తుంది.

చాటుగా తీస్తేనే సహజంగా వస్తుందన్న వాదన నాకు అస్సలు నచ్చదు. ముఖ్యంగా నటీమణులు చీరలు మార్చుకునే తడిక వెనక కెమెరాకు పనే లేదు. సాయంత్రమే వెళ్లి, “బాబాయ్‌గారూ, రాత్రి పక్కతెర దగ్గర నుంచుని ఫొటోలు తీసుకుంటానండి” అని అడగండి. వద్దంటే మానేయండి. సరేనంటే, మీరున్నారని తెలిసీ ఆయన మర్చిపోతాడు. పద్యానికి ఆ బలం ఉంది. తీశాక చూపించండి. చెరిపేయమంటే చెరిపేయండి.

ఏప్రిల్ 16న కందుకూరి జయంతిని తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు శాలువాలు కప్పిన ఫొటోలే పేపర్లకు వెళ్తాయి. రాజమహేంద్రవరంలో, పాలకొల్లులో, అమలాపురంలో నాటకాలు ఆడించేవాళ్లు ఈసారి హాలు గోడ మీద ఈ వినే ముఖాలు పెట్టాలి. కింద నటుడి పేరు, ఊరు, కట్టిన పాత్రలతో పాటు, ఎవరి పద్యం వింటుండగా తీశారో కూడా రాయాలి. ఒక ప్రింటు ఆయన చేతికివ్వాలి.