కిటికీలున్నాయి కదా, కుర్చీలెందుకు?

ఇంగ్లండు పల్లెల్లో చర్చి పాదిరికి ఇచ్చే బంగళాను రెక్టరీ అంటారు. వినయాన్ని బోధించడానికి ఎంత పెద్ద ఇల్లు కావాలో తెలుసుకోగోరేవారు లింకన్‌షైర్‌లోని ఎప్‌వర్త్ రెక్టరీని దర్శించవలసిందే.

పూర్వం అక్కడున్నది కర్రతో కట్టి, గడ్డి కప్పిన ఇల్లు. మూడంతస్తులైనా ముఖ్యమైన గదులు ఏడే. 1709 ఫిబ్రవరిలో అది ఒక్క రాత్రిలో బూడిదైంది. నిచ్చెన తెచ్చే వ్యవధి లేక ఒకరి భుజాలపై మరొకరు నిలబడి, మేడమీది కిటికీలోంచి ఐదేళ్ల జాన్ వెస్లీని దించారు. మెథడిస్టు అనే క్రైస్తవ ఉద్యమానికి మూలపురుషుడైనది ఆ పిల్లవాడే కాబట్టి, వెస్లియన్ మిషను కట్టి 1924లో ప్రారంభించిన మన మెదక్ చర్చి సైతం ఆ కిటికీకి ఋణపడి ఉన్నదని వినమ్రంగా మనవి.

తండ్రి శామ్యూల్ వెస్లీ ఇల్లు కాలడానికి నాలుగేళ్ల ముందే అప్పు తీర్చలేక లింకన్ కోటలో ఖైదు అనుభవించిన రెక్టర్. అంతటి అనుభవశాలి ఇల్లు కట్టేటప్పుడు చేయి బిగబట్టుకుంటాడనుకోవడం మన అమాయకత్వం. ఏడాది తిరగకముందే, రాణి ఆన్ కాలపు మర్యాదకు తగ్గట్టు, ఎర్ర ఇటుకతో, బారులు తీరిన కిటికీలతో, సుమారు 400 పౌండ్ల ఖర్చుతో కొత్త భవనం లేచింది.

భార్య సుసానాకు మాత్రం వాస్తుకళ అంతుబట్టలేదు. ఇల్లు కాలి పదమూడేళ్లు కావస్తున్నా ఇంటికి సగం సామానైనా సమకూడలేదనీ, ఆలుబిడ్డలకు సగం బట్టలైనా లేవనీ 1722లో అన్నగారికి ఉత్తరం రాసింది. వీధిలో పోయేవారికి కిటికీలు కనబడతాయి గాని కుర్చీలు కనబడవన్న మౌలిక సూత్రాన్ని ఆమె గ్రహించలేదు. బట్టల సంగతంటారా, పిల్లలను గడప దాటనీయకుంటే సరిపోతుంది.

సామాను అడగని అతిథి ఆ ఇంటికి ఒక్కడే వచ్చాడు. 1716 డిసెంబరులో గోడలు తట్టడం మొదలుపెట్టిన దయ్యానికి ఆడపిల్లలు ముసలి జెఫ్రీ అని పేరు పెట్టారు. అటక గదిని నేటికీ అతని పేరుతోనే పిలుస్తారు. రెక్టరీలో అప్పు చేయకుండా గది సంపాదించినవాడు బహుశా అతడే.

ఇక వంటిల్లు. 1711–12 చలికాలంలో రెక్టరుగారు చర్చి సభల కోసం లండన్‌లో ఉండగా, సుసానా ఆదివారం సాయంత్రాలు అక్కడే ఇంటివారికి ప్రసంగాలు చదివి వినిపించింది. ఇరుగుపొరుగు చేరి చేరి రెండు వందలు దాటారు, చోటు చాలక చాలామంది వెనుదిరిగారు. ఇది తగని పని అని సహాయ పాదిరి లండన్‌కు ఫిర్యాదు పంపాడు. వచ్చినవారు దేనిమీద కూర్చున్నారని మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు.