వాడేసిన నూనెకే రాయితీ ఇవ్వాలి

పదేపదే మరిగి, నల్లబడి, జిగటగా మారిన నూనెను మళ్లీ వంటకు వాడకూడదు. పారబోస్తే మురుగు కాలువలో గడ్డకడుతుంది. ఆ నూనెనే ఇంధనంగా మార్చి బండి నడపొచ్చు. అందుకు ఉన్న దారుల్లో క్యాటలిటిక్ క్రాకింగ్‌కు, అంటే ఉత్ప్రేరకంతో నూనె అణువులను తెంచే పద్ధతికి, దక్కాల్సినంత ఆదరణ దక్కడం లేదని మా అభిప్రాయం.

సుమారు 500 డిగ్రీల సెల్సియస్ వేడిలో నూనె ఆవిరి జియోలైట్ అనే ఉత్ప్రేరకం పొడిని తాకుతుంది. పొడవాటి కొవ్వు అణువులు తెగి, పెట్రోలు, డీజిల్‌లలో ఉండేంత చిన్నవవుతాయి. నూనె బరువులో దాదాపు 11 శాతం ఉండే ఆక్సిజన్ చాలావరకు నీరుగా, కార్బన్ వాయువులుగా బయటికి పోతుంది. తెల్లగా లోపలికెళ్లిన పొడి మాత్రం కొన్ని సెకన్లకే మసి పట్టి చతికిలపడుతుంది. పక్క గదిలో గాలి ఊది ఆ మసిని కాల్చేస్తే, పొడి తేరుకుని, ఆ మంట వేడిని కూడా మోసుకుని మళ్లీ పనిలోకి దిగుతుంది. పొడిని ఇలా తిప్పి వాడడం ముడిచమురు రిఫైనరీలు 1942 నుంచి చేస్తున్నదే. వేరుశనగ, మొక్కజొన్న నూనెల నుంచి ఇలా పెట్రోలు తీయొచ్చని అమెరికా చమురు సంస్థ మొబిల్ శాస్త్రవేత్తలు 1979లోనే చూపారు.

మామూలు బయోడీజిల్ తయారీలో క్షారం వాడతారు. పాడైన నూనెలోని ఆమ్లాలు దానితో కలిసి సబ్బుగా మారి పనంతా చెడగొడతాయి. క్రాకింగ్‌కు ఆ బెడద లేదు, బయటి నుంచి హైడ్రోజన్ కొని పోయాల్సిన పనీ లేదు. ఉప్పు, మెతుకులు మాత్రం ముందే వడకట్టి కడగాలి. సోడియం చేరితే జియోలైట్ చచ్చుబడుతుంది.

నష్టం లేదని మేం అనం. పోసిన నూనెలో కొంత మసిగా, గ్యాసుగా మారి చేతికి రాదు. అందుకే తాజా వంటనూనెను ఇందులో పోయడం మాకు బొత్తిగా మింగుడుపడదు. ఒకరి పళ్లెంలోది లాక్కుని ఇంకొకరి ట్యాంకు నింపే పనికి ప్రజల సొమ్ము పెట్టకూడదు. రాయితీ వాడేసిన నూనెకే దక్కాలి.

ఇక్కడే ఒక చిక్కుంది. ఇంధనంలో మొక్కల నుంచి వచ్చిన కార్బన్ ఎంతో, భూగర్భం నుంచి వచ్చింది ఎంతో కార్బన్-14 పరీక్ష (మొక్కల్లో ఉండి, భూగర్భ చమురులో లేని కార్బన్ రకాన్ని కొలిచేది) చెప్పేస్తుంది. ఆ నూనె ఒకసారి బాణలి ఎక్కిందో లేదో మాత్రం ఏ కార్బన్ పరీక్షా చెప్పలేదు. కాబట్టి ప్రతి పీపా ఏ వంటగదిలో నిండిందో, ఎవరెవరి చేతులు మారిందో అక్కడి నుంచే లెక్క రాయించాలి. ఆ లెక్క చూపని ప్లాంటుకు రాయితీ ఆపేయాలి.