హెచ్చరిక సరే, తలుపు తట్టేదెవరు?

2021 జూన్ ఆఖరి వారంలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాను వేడి కమ్మేసింది. లిట్టన్ అనే చిన్న ఊళ్లో 49.6 డిగ్రీలు నమోదైంది. వారం రోజుల్లో 619 మంది వేడికి చనిపోయారని అక్కడి కరోనర్ విభాగం (ఆకస్మిక మరణాలకు కారణం విచారించే ప్రభుత్వ శాఖ) తర్వాత లెక్క తేల్చింది. వాళ్లలో 98 శాతం మంది ప్రాణం పోయింది నడిరోడ్డు మీద కాదు, నాలుగు గోడల మధ్య. సగానికి పైగా ఒంటరిగా ఉంటున్నవాళ్లు. వాతావరణ శాఖ ముందే హెచ్చరించింది. ఆ హెచ్చరికకీ యంత్రాంగం కదలడానికీ మధ్య ఆలస్యం జరిగిందని సమీక్ష కమిటీ చెప్పింది.

వాతావరణ మార్పు నుంచి ప్రజారోగ్యాన్ని కాపాడతామనే ఏ ప్రభుత్వాన్నయినా అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: వేడి హద్దు దాటిన రోజు ఫలానా తలుపు తట్టాల్సిన ఉద్యోగి ఎవరు? పేరు చెప్పలేకపోతే ఆ ప్రణాళిక కాగితమే.

చావులు ఇళ్లలోనే ఎందుకు జరుగుతాయి? పగలంతా ఒంట్లో చేరిన వేడి రాత్రి దిగిపోవాలి. కానీ కాంక్రీటు గోడలూ స్లాబూ పగలు పీల్చుకున్న వేడిని సరిగ్గా ఆ వేళకే గదిలోకి వదులుతాయి. ఒకటే కిటికీ ఉన్న పైఅంతస్తు గదిలో అర్ధరాత్రి బయటికంటే లోపలే ఉక్కపోత. ఒంటిని చల్లబరచడానికి చర్మానికి రక్తం పంపీ పంపీ రెండో రోజుకో మూడో రోజుకో గుండె అలిసిపోతుంది. వయసు మీరినవాళ్లకు దాహం సరిగా తెలియదు, చెమటా తక్కువే. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే బీపీ మాత్రలు ఒంట్లో నీటిని తగ్గిస్తాయి. మానసిక వ్యాధులకు వాడే కొన్ని మందులు చెమటనే తగ్గించేస్తాయి.

అందుకే పగటి గరిష్ఠం ఒక్కటే చూసి ఇచ్చే హెచ్చరిక సగం హెచ్చరికే. 2003 ఆగస్టులో సుమారు 15 వేల మందిని పోగొట్టుకున్న ఫ్రాన్స్ ఈ పాఠం నేర్చుకుంది. అక్కడ వరుసగా మూడు రోజుల పగటి, రాత్రి ఉష్ణోగ్రతల సగటు చూస్తారు. పారిస్‌కి పెట్టుకున్న హద్దు పగలు 31, రాత్రి 21. పగలు 31 అంటే చాలామందికి ఏమంత అనిపించదు. రాత్రి 21 కంటే దిగకపోవడమే అక్కడి ముసలివాళ్లను తీసుకుపోతుంది. ఏ ఊరి హద్దు ఆ ఊరి మరణాల లెక్కల నుంచే రావాలి, పక్క దేశం అంకె తెచ్చి అతికిస్తే పనిచేయదు.

2004లో ఫ్రాన్స్ ఇంకో పని చేసింది. ఒంటరి వృద్ధుల, వికలాంగుల జాబితా పెట్టే బాధ్యతను చట్టం ద్వారా మేయర్ల మీద ఉంచింది. మంచి పనే, కానీ అందులో ఒక కన్నం ఉంది. నమోదు స్వచ్ఛందం. ఎవరూ లేని మనిషి తనంతట తానుగా పేరు రాయించుకోడు. వేసవికి మూడు నెలల ముందే మందుల షాపువాళ్లూ, ఇళ్లకు వెళ్లే నర్సులూ, అపార్టుమెంటు వాచ్‌మన్లూ అడిగి, ఒప్పించి పేర్లు చేర్పించాలి.

వేడి రోజున ఆ జాబితాలోని వాళ్లకు ఫోన్ చేసి ఏం అడగాలన్నది కూడా రాసి ఉండాలి. "బాగున్నారా?" అంటే ఎవరైనా "బాగానే ఉన్నా" అనే అంటారు. గదిలో ఇప్పుడెంత వేడి ఉంది, రాత్రి నిద్ర పట్టిందా, పొద్దుటి నుంచి ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లారు, రంగు ముదిరిందా అని అడగాలి. గది వేడి తెలియాలంటే ముందుగా ఒక చిన్న థర్మామీటర్ ఇచ్చి ఉండాలి. 31 దాటితే వయసు మీరినవాళ్లకూ జబ్బుమనుషులకూ ప్రమాదమని బ్రిటిష్ కొలంబియా ఇప్పుడు చెబుతోంది. గది 40 దాటాక ఫ్యాన్ వేడిగాలినే ఒంటికి కొడుతుంది. మాట తడబడుతుంటే ఆంబులెన్స్ పంపాలి. రెండుసార్లు ఎత్తకపోతే గంటలోపు మనిషి వెళ్లాలి.

చల్లని కేంద్రాలు తెరిచామని చెప్పుకునే ఊళ్లలో తరచూ జరిగే తప్పు ఒకటుంది. సాయంత్రం ఐదింటికి ఆఫీసు వేళతో పాటే తాళం వేస్తారు. గదులు మండేది ఆ తర్వాతే. రాత్రి తెరిచి ఉండాలి, ఇంటి నుంచి తీసుకెళ్లే బండి ఉండాలి, పెంపుడు కుక్కను రానివ్వాలి. కుక్కను వదిలి రాలేక ఆగిపోయేవాళ్లు ఉంటారు.

2010 మే నెలలో 46.8 డిగ్రీలు చూసిన అహ్మదాబాద్, 2013లో దక్షిణాసియాలోనే మొదటి వేడి ప్రణాళిక తెచ్చుకుంది. అందులో మెచ్చుకోవాల్సింది ఎవరి పని ఏమిటో విడమరిచి రాసుకోవడం, సమన్వయానికి ఒక అధికారిని పెట్టడం. ఆ నగరంలోనే ఒక ఆసుపత్రి పైఅంతస్తులోని పసిపిల్లల వార్డును కిందికి మార్చారు. కొత్త యంత్రమేదీ అక్కర్లేదు, గది మార్చారంతే. ప్రతి ఆసుపత్రీ తన స్లాబు కింద ఎవర్ని పడుకోబెట్టిందో ఒకసారి చూసుకోవాలి.

ఎండలో పనిచేసేవాళ్ల సంగతికొస్తే, సలహాలు చాలు, చట్టం కావాలి. కొత్త కూలీ మొదటి రోజు వేడిలో మామూలు పనివేళలో 20 శాతమే చేయాలి, ఆపైన రోజుకి 20 శాతం చొప్పున పెంచాలి. వేడికి పోయే కూలీల్లో ఎక్కువమంది చేరిన మొదటి వారంలోనే పోతారు, ఒళ్లు అలవాటు పడే వ్యవధి దొరక్క. పావుగంటకో ఇరవై నిమిషాలకో ఓ గ్లాసు, అంటే 240 మిల్లీలీటర్ల నీళ్లు. కాలిఫోర్నియా 2005లోనే నీడ, నీళ్లు, విరామం తప్పనిసరి చేసింది. ఖతార్‌లో తేమ, ఎండ, గాలి కలిపి కొలిచే సూచీ 32.1 దాటితే ఆరుబయట పని ఆపేయాలి. కూలీ ఆగితే ఆ గంటల కూలి ఎవరిస్తారో కూడా అదే నిబంధనలో రాయాలి. లేకపోతే మనిషి ఆగడు.

వడదెబ్బ తగిలిన మనిషి ఒంటి లోపలి వేడి 40 దాటి, స్పృహ తప్పుతుంటే చేతిలో ఉన్నది అరగంట. ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి. పారాసిటమాల్ పనిచేయదు, అది జ్వరం కాదు కాబట్టి. అమెరికాలోని ఫీనిక్స్ నగర ఫైర్ విభాగం 2024 నుంచి మనిషిని ఐసు, నీళ్లతో నింపిన సంచిలో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళుతోంది. ఒక సంచి, కొన్ని మూటల ఐసు. ఏ ఊరి ఆంబులెన్సుకైనా అందుబాటులో ఉండే వస్తువులే.

వరదలూ, దోమలూ, కార్చిచ్చు పొగా వేరే వేరే కథలు. వాటికీ ఇదే ప్రశ్న వర్తిస్తుంది, కాకపోతే వేడికి చప్పుడు లేదు. కూలిన గోడ ఫొటో రాదు. మరణ పత్రంలో గుండెపోటు అని పడుతుంది. కరోనర్లు ఒక్కో మరణాన్నీ పరిశీలించారు కాబట్టే ఆ 619 అంకె బయటికొచ్చింది. మిగతా చోట్ల కూడా శవం దొరికిన గదిలో ఎంత వేడి ఉందో, కిటికీ తెరిచి ఉందో లేదో, ఏసీ ఉంటే నడుస్తోందో లేదో, ఒంటి వేడి ఎంతో అదే గంటలో కాగితం మీద పెట్టాలి. ఇందుకు ఫారంలో నాలుగు గడులు చాలు. మీరుండే ఊరి కౌన్సిల్‌కు వేసవికి ముందే ఉత్తరం రాస్తే, ఆ నాలుగు గడులూ తప్పకుండా అడగండి.