అభిరుచి ఉంటే చాలు, అన్నం అక్కర్లేదు

ఇంటర్ ఫలితాలు రాగానే, తొలకరికి ఆరుద్ర పురుగులు వచ్చినట్టు కెరీర్ నిపుణులు బయటికొస్తారు. ఇంజనీరింగూ మెడిసినూ చెప్పడం అయ్యాక పేజీ అడుగున కాస్త చోటు మిగులుతుంది. అందులో "విభిన్న కోర్సులు" అని ఒక పెట్టె కట్టి ఫొటోగ్రఫీని కూర్చోబెడతారు. వన్యప్రాణి ఫొటోగ్రాఫర్, ఫ్యాషన్ ఫొటోగ్రాఫర్, ఫుడ్ ఫొటోగ్రాఫర్, డ్రోన్ ఫొటోగ్రాఫర్... మొత్తం పది దారులు. వాటి కింద ఏటా అదే వాక్యం: "అభిరుచి ఉంటే చాలు, ఆకాశమే హద్దు."

ముందు ఆకాశం సంగతి చూద్దాం. నిపుణులు నిజమే చెప్పారు, అది హద్దే. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకానే మన ఆకాశం. 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను డబ్బు కోసం ఎగరెయ్యాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. రెడ్ జోన్‌లో కేంద్రం అనుమతి లేకుండా లేపకూడదు. తప్పితే లక్ష రూపాయల దాకా జరిమానా. పెళ్లివారికి ఇవేవీ వినపడవు. "బరాత్‌లో డ్రోన్ లేకపోతే ఏం బాగుంటుంది?" అంటారు. జరిమానా పడితే కట్టేది మాత్రం అభిరుచి ఉన్నవాడే.

వన్యప్రాణుల దారి ఇంకా ప్రశాంతం. పులికాట్‌కు ఫ్లెమింగోలు, నేలపట్టుకు పెలికాన్లు ఏటా వస్తాయి. వాటికి అడ్వాన్స్ ఇచ్చే అలవాటు లేదు. దూరం నుంచి వాటి కంట్లో మెరుపు పట్టాలంటే 600 ఎంఎం ఎఫ్/4 లెన్స్ కావాలి, ధర పది లక్షల పైమాటే. ఫుడ్ ఫొటోగ్రఫీలో కనీసం వాసనైనా దక్కుతుంది. బిర్యానీ మీద ఆవిరి కనిపించేది రెండు మూడు నిమిషాలు. తర్వాత మెతుకులకు కుంచెతో నూనె రాయాలి, కొత్తిమీర మీద నీళ్లూ గ్లిజరినూ సగం సగం కలిపి చిలకరించాలి. అంతా అయ్యాక హోటల్ యజమాని పైకానికి బదులు ఆ బిర్యానీనే పార్సిల్ కట్టిస్తాడు, గ్లిజరిన్‌తో సహా. పోనీ స్టూడియో పెడదామా అంటే, పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో ఫొటో వాళ్లే తీస్తారు, ఆధార్ కేంద్రంలోనూ వాళ్లే తీస్తారు. 35 × 45 మిల్లీమీటర్ల ముక్కలు ఎనిమిదేసి కత్తిరించి బతికిన వీధి స్టూడియో ఇప్పుడు జిరాక్స్ షాపు.

అలా దారులన్నీ తిరిగి తిరిగి ఫంక్షన్ హాల్ గేటు దగ్గర కలుస్తాయి.

గేటు దాటగానే మనిషికి పేరు పోతుంది. అతను "ఫొటో", పక్కవాడు "వీడియో". "ఫొటో ఎక్కడ చచ్చాడు?" "వీడియో, కాస్త పక్కకు జరుగు, పెద్దమ్మకు కనపడట్లేదు!" లైటు పట్టుకున్న కుర్రాడికి ఆ మాత్రం పేరు కూడా లేదు, చిటికేస్తే వస్తాడు.

ముహూర్తం రాత్రి 2 గంటల 47 నిమిషాలకు. జీలకర్ర బెల్లం తలల మీద పెట్టడం, అడ్డుతెర దించడం, ఇద్దరూ తొలిసారి చూసుకోవడం, అంతా కలిపి రెండు మూడు సెకన్లు. ఆ మాత్రం దానికి చదువెందుకు అనుకునేవారికి చిన్న లెక్క. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు, దాని మీద వెలిగే నాసిరకం ఎల్‌ఈడీ లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. కెమెరా షట్టర్ తెరుచుకుని ఉండేది సెకనులో 1/50 వంతు గానీ 1/100 వంతు గానీ అయితే ఫొటో శుభ్రంగా వస్తుంది. 1/500 పెడితే పెళ్లికూతురి ముఖం మీద అడ్డంగా నల్లచారలు. కానీ తలంబ్రాల బియ్యం గాల్లో ఆగి కనపడాలంటే 1/500 అయినా కావాలి, లేదంటే గింజలు గీతలవుతాయి. కాబట్టి షట్టర్ 1/100 దగ్గరే ఉంచి, గింజను ఆపే పని ఫ్లాష్‌కు అప్పగించాలి. ఫ్లాష్‌లో నాలుగు పెన్సిల్ సెల్స్. ఫుల్ పవర్‌లో వెంటవెంటనే కొట్టుకుంటూ పోతే అది వేడెక్కి, చల్లారేదాకా మొరాయిస్తుంది. సరిగ్గా అప్పుడే మామగారు "తియ్యి తియ్యి" అంటారు.

ఇంత లెక్కా వేసుకుని బటన్ నొక్కితే ఫ్రేములో దొరికేది పదిహేడు సెల్‌ఫోన్లు. మేనమామ ఫోను, టార్చి వెలిగించి మరీ. పిన్నిగారి ఐప్యాడ్, అడ్డుతెర దించినా అది దిగదు. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య వీడియో కాల్లో చూడాలని బాబాయి ఫోన్‌ను పంతులుగారి భుజం మీదుగా చాపుతాడు. డల్లాస్ అన్నయ్య పంతులుగారి చెవికి నమస్కారం చేసుకుంటాడు. ఆడపడుచు జడ ఎత్తి పట్టుకుంటే ఇంకో నలుగురు చేతులు కలుపుతారు, ఆ చేతుల మధ్య మూడు ముళ్లూ మాయం. "బాబూ, ఫొటో కోసం ఇంకోసారి కట్టినట్టు పట్టుకో" అంటారు. శాస్త్రం మూడే అంటుంది గానీ ఆల్బమ్ ఐదారు ముళ్ల దాకా ఒప్పుకుంటుంది. వారం తర్వాత పిన్నిగారే ఫోన్ చేస్తారు: "జీలకర్ర బెల్లం సరిగ్గా రాలేదేం నాయనా? నా దాంట్లో ఎంత బాగా వచ్చిందో చూడు!" అందులో ఉన్నది ఫొటోగ్రాఫర్ వీపు.

డబ్బు విషయం నిపుణులు రాయరు కాబట్టి మనమే రాసుకుందాం. రెండు రోజుల పెళ్లి, లక్ష రూపాయల ప్యాకేజీ అనుకోండి. పిలిపించుకున్న ఫొటో, వీడియో వాళ్లిద్దరికీ కలిపి 20 వేలు. డ్రోన్ 8 వేలు. ఇద్దరు లైట్ బాయ్స్‌కు 4 వేలు. ఎడిటర్‌కు 12 వేలు. 12 × 36 సైజు ఆల్బమ్‌లు రెండింటికి 24 వేలు. కారు, డీజిల్, టోల్ 6 వేలు. మొత్తం 74 వేలు. చేతికొచ్చింది 70, మిగతా 30 "ఆల్బమ్ చూశాక". ఆల్బమ్ చూడాలంటే ముందు ఐదు వేల ఫొటోల్లోంచి మూడొందలు వాళ్లే ఎంచి పంపాలి. హార్డ్ డిస్క్ బీరువాలో పట్టుచీరల కింద ఉంటుంది. పాప పుట్టి, బారసాలకు "ఫొటో" అవసరమైనప్పుడు బయటికొస్తుంది. అప్పటిదాకా ఈ కెరీర్‌లో లాభం, మైనస్ నాలుగు వేలు. పెళ్లికి ఆరు వేల క్లిక్కుల చొప్పున, రెండు లక్షల క్లిక్కులకని చేసిన షట్టర్‌కు ముప్పై చిల్లర పెళ్లిళ్లతో నూకలు చెల్లుతాయి. మధ్యలో ఆషాఢం, మూఢం. మూఢానికి మంగళవాద్యం ఆగుతుంది, కెమెరా ఈఎమ్ఐ ఆగదు.

ఇక "ఫొటోలే కదా, ఫ్రీగా చేసిపెట్టు తమ్ముడూ, ఇన్‌స్టాలో ట్యాగ్ చేస్తాం" అనే వర్గం ఒకటుంది. ఏటా ఆగస్టు 19న ఊరూరా ఫొటోగ్రాఫర్ల సంఘాలు, ఫొటో తీసే పద్ధతి కనిపెట్టిన డాగురే పటానికి దండ వేస్తాయి. ఆ దండకు కారణం, 1839లో అదే రోజున ఫ్రాన్స్ ఆ పద్ధతిని ప్రపంచానికి ఉచితంగా ఇచ్చెయ్యడం. ఫ్రీ అంటే ముచ్చటపడేవారు మిగతా సగం కూడా వినాలి. డాగురే ఊరికే ఇవ్వలేదు, ఏడాదికి 6,000 ఫ్రాంకుల జీవితకాల పింఛను రాయించుకున్నాడు. ఐదు రోజుల ముందు ఇంగ్లండ్‌లో పేటెంట్ కూడా తీయించాడు. మన 1957 కాపీరైట్ చట్టానికీ ఈ విషయంలో మొహమాటం లేదు. 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ప్రతిఫలం ఇచ్చి తీయించుకున్న ఫొటో మీద హక్కు తీయించుకున్నవారిది. ఏమీ ఇవ్వకపోతే తీసినవాడిదే. అంటే ఫ్రీగా తీయించుకున్న బావగారు తన పెళ్లి ఫొటోల కాపీరైట్‌ను బావమరిది స్నేహితుడికి రాసిచ్చేశారు, ఆయనకే తెలియదు.

భోజనం ఆఖరి బంతిలో. అప్పటికి పప్పు, పెరుగు ఉంటాయి, ఒక్కోసారి పెరుగే. దాన్నీ నవ్వుకుని వదిలెయ్యొచ్చు. తర్వాత జరిగేదాన్ని వదలకూడదు. మధ్యాహ్నం స్నాతకం నుంచి తెల్లవారుజామున అప్పగింతల దాకా పదహారు గంటలు నిలబడ్డ మనుషులు, నాలుగున్నరకు బ్యాగులు సర్దుకుని కారెక్కుతారు. పొద్దున పదింటికి ఇంకో ఊళ్లో ఇంకో ముహూర్తం. డ్రైవరుకు బడ్జెట్ లేదు, స్టీరింగ్ పట్టేది కెమెరా పట్టినవాడే. వెనక సీట్లో స్టాండ్ల మధ్య ఇరుక్కుని నిద్రపోతున్నది ఇంటర్ తప్పిన లైట్ బాయ్. హైవే మీద లారీ వెనక లైట్లు వెలగవు. పూలమండపానికి ఆరు లక్షలు పెట్టిన ఇంట్లో ఒక్కరికీ "మూడు గంటలు పడుకుని వెళ్లండి బాబూ" అనడానికి నోరు రాదు! పెళ్లికూతురి తాళి మీద పడ్డ వెలుగు ఆ కుర్రాడి చెయ్యి పట్టుకున్నదే, ఆ చెయ్యి ఇంటికి చేరిందా అని అడిగే దిక్కుండదు. ప్రమాదం జరిగితే మాత్రం ఫోన్ చేస్తారు, మెమరీ కార్డులు బాగున్నాయా అని.

ఫంక్షన్ హాల్లో విడిది గదులు పన్నెండు ఉంటాయి. మేడ మీద చివరి గదిలో అరటి గెలలూ బిందెలూ పెట్టి తాళం వేశారు. ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోండి.